వేగానికీ విశ్వాసానికీ నడుమ: దస్త్రవ్యవస్థల పరిష్కరణ చరిత్ర



కలనయంత్రంలో మనం వ్రాసుకున్న వ్యాసం నిజంగా ఎప్పుడు భద్రమవుతుంది? 'సేవ్' నొక్కిన క్షణంలోనే అని మనలో చాలామంది విశ్వాసం. ఆ విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందన్నది దస్త్రవ్యవస్థ మీద ఆధారపడి ఉంటుంది. ఆంగ్లంలో ఫైల్ సిస్టమ్ అనే దానినే నేనిక్కడ దస్త్రవ్యవస్థ అంటున్నాను. ముప్పై యేళ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినవాడికి దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. తాళపత్ర ప్రతులను సరిపోల్చి, లేఖక దోషాలను ఏరి, శుద్ధప్రతిని సిద్ధం చేసే పరిష్కరణ విద్యను కొంత చదువుకున్నవాణ్ణి గనుక, ఈ చరిత్ర నాకు పరాయిదిగా తోచలేదు. ఇందులో నాకు స్పష్టంగా కనిపించిన విషయం ఒకటే. వేగం కోసం చేసిన పెద్ద సంస్కరణలు, ఎవరూ వ్రాసి ఇవ్వకపోయినా అందరూ నమ్ముకున్న ఏదో ఒక హామీని కదిలిస్తూ వచ్చాయి. ఆ హామీని గుర్తించి తిరిగి నిలబెట్టడమే దిద్దుబాటులో కష్టమైన భాగం.

ముందుగా దస్త్రవ్యవస్థ అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. డిస్కుకు వ్యాసం, పద్యం, ఛాయాచిత్రం అన్న భేదం తెలియదు. దానికి తెలిసింది వరుస సంఖ్యలు వేసిన గళ్లు మాత్రమే. వాటిని బ్లాకులు అంటారు. ఒక దస్త్రం ఏయే బ్లాకులలో ఉంది, దాని పరిమాణమెంత, దాని యజమాని ఎవరు అన్న వివరాలను ఒక చిన్న పత్రంలో వ్రాసి ఉంచాలి. యునిక్స్ సంప్రదాయంలో ఆ పత్రాన్ని ఐనోడ్ అంటారు. ఖాళీగా ఉన్న బ్లాకుల పట్టిక మరొకటి ఉండాలి. పేరుకూ ఐనోడ్‌కూ లంకె వేసే సంచయం, అంటే డైరెక్టరీ, ఇంకొకటి. తాళపత్రాలు విడివిడిగా అటకంతా చెదిరి ఉండి, ఏ ఆకు ఏ గ్రంథానిదో చెప్పే చీటీ ఒక్కటే మన చేతిలో ఉందనుకోండి. ఆ చీటీ తప్పితే ఆకులన్నీ ఉండి కూడా గ్రంథం లేనట్టే.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద యునిక్స్‌కు శ్రీకారం చుట్టారు. దాని దస్త్రవ్యవస్థ ఎంతో సరళమైనది. తరువాతి కూర్పులలో అది స్థిరపడిన రూపంలో ఒక్కొక్క బ్లాకు 512 బైట్లు. ఐనోడ్‌లన్నీ డిస్కు మొదట్లో ఒకచోట, దస్త్రాల లోపలి విషయమంతా ఆ తరువాత. ఈ సరళత వల్ల ఆ వ్యవస్థను అర్థం చేసుకోవడం సులభమైంది, విశ్వవిద్యాలయాలకు త్వరగా వ్యాపించింది. కాని ఆ అమరికలోనే ఒక లోపం దాగి ఉంది. ఐనోడ్ చదవడానికి డిస్కు ముల్లు మొదటికి పోవాలి, విషయం చదవడానికి ఎక్కడికో దూరం జరగాలి. డిస్కు పనిలో అతి నిదానమైనది ఈ ముల్లు జరగడమే.

అంతకంటె చిత్రమైన దోషం ఖాళీ బ్లాకుల పట్టికలో ఉంది. కొత్తగా సిద్ధం చేసిన డిస్కులో ఖాళీ బ్లాకులు వరుసగా ఉంటాయి గనుక దస్త్రం కూడా వరుసగా పడుతుంది. దస్త్రాలను సృష్టిస్తూ చెరిపేస్తూ పోగా ఆ పట్టిక కలగాపులగమవుతుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు బ్లాకును 1024 బైట్లకు పెంచి చూస్తే వేగం రెట్టింపుకు మించి పెరిగింది. అయినా డిస్కు శక్తిలో నూటికి 4 వంతులే వినియోగంలోకి వచ్చింది. కొత్త డిస్కు మీద సెకనుకు 175 కిలోబైట్లు అందించిన వ్యవస్థ, కొన్ని వారాల వాడకం తరువాత 30 కిలోబైట్లకు దిగజారిందని వారే నమోదు చేశారు. ఇక్కడ తప్పుడు అక్షరం ఒక్కటీ లేదు, చెడిన దస్త్రమూ లేదు. ఫలితం సరైనదే అయినా కాలం గడిచేకొద్దీ మందగించడం కూడా ఒక దోషమేనని వారు గ్రహించారు.

మార్షల్ కిర్క్ మెక్‌క్యూసిక్, విలియం జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ అనే నలుగురు దీనికి చేసిన చికిత్స 1983లో బీఎస్‌డీ 4.2 కూర్పుతో లోకానికి అందింది. 1984లో వారు దానిని వివరిస్తూ వ్రాసిన పత్రం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం వంటిది. బ్లాకును 4096 బైట్లకు పెంచితే వేగం వస్తుంది. కాని అప్పటి దస్త్రాలలో అధికభాగం చిన్నవి. చిన్న దస్త్రానికి పెద్ద గది ఇస్తే మిగిలిన చోటు వ్యర్థం. వారి లెక్క ప్రకారం 512 బైట్ల బ్లాకుతో వృథా 6.9 శాతం, 1024తో 11.8, 2048తో 22.4, 4096తో ఏకంగా 45.6 శాతం. సగం డిస్కును గాలికి వదిలి వేగం కొనుక్కోవడం ఎవరికి సమ్మతం? అందుచేత పెద్ద బ్లాకును చిన్న తునకలుగా చీల్చి, దస్త్రం చివరి భాగాన్ని ఆ తునకలలో సర్దే ఏర్పాటు చేశారు. 4096 బైట్ల బ్లాకును 1024 బైట్ల తునకలుగా వాడితే, వేగం పెద్ద బ్లాకుది, వృథా చిన్న బ్లాకుది.

రెండో చికిత్స డిస్కును సిలిండర్ సమూహాలనే పేటలుగా విభజించడం. ఒక దస్త్రం ఐనోడ్, దాని విషయం, అదే సంచయంలోని ఇతర దస్త్రాలు వీలైనంతవరకు ఒకే పేటలో ఉంటాయి. ముల్లు తిరిగే దూరం తగ్గింది. ఈ సర్దుబాటుకు చోటు దొరకాలంటే డిస్కు నిండకూడదు గనుక 10 శాతం ఖాళీగా ఉంచడం ఆనవాయితీ చేశారు. నిండుకుండలో కలియబెట్టడానికి వీలుండదు కదా! ఇవన్నీ కలిసి డిస్కు శక్తిలో నూటికి 47 వంతుల వరకు రాబట్టగలిగాయి. వ్యవస్థ మొత్తానికీ మూలమైన సూపర్‌బ్లాకుకు వేర్వేరు చోట్ల నకళ్లు ఉంచారు. ఒక ప్రతి చెడినా మరొక ప్రతి దక్కాలన్నది మన లేఖకులకు తెలిసిన నీతే.

ఆ సంస్కరణలోనే దస్త్రం పేరు పొడవు పెరిగింది. పాత యునిక్స్‌లో పేరుకు 14 బైట్లే. బర్క్‌లీ వారు 255 చేశారు. తెలుగువాళ్లం ఇక్కడ కొంచెం ఆగాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. 'కృష్ణ' అన్న పేరులో కకారం, ఋత్వం, షకారం, పొల్లు, ణకారం కలిసి ఐదు సంకేతాలు, అంటే 15 బైట్లు. పాత 14 బైట్ల గదిలో కృష్ణుడు పట్టడు! 255 బైట్లలోనైతే 85 సంకేతాల పేరు పెట్టుకోవచ్చు. 1992లో రాబ్ పైక్‌తో కలిసి ఆ యూటీఎఫ్-8ను రూపొందించింది తొలి యునిక్స్‌ను నిర్మించిన కెన్ థాంప్సనే. బర్క్‌లీలో పేరు పెంచినవారి మనసులో తెలుగు ఉండే అవకాశం లేదు. అయినా ఆ ఔదార్యం వల్ల మన దస్త్రాలకు మన లిపిలో పేర్లు పెట్టుకోగలుగుతున్నాము.

మరొక చిన్న చేర్పు తరువాతి కథకు కీలకం. ఒక దస్త్రానికి పేరు మార్చాలంటే పాత యునిక్స్‌లో కొత్త పేరు కలపడం, పాతది తొలగించడం వంటి పనులు విడివిడిగా చేయాలి. నడుమ యంత్రం ఆగితే పని సగంలో నిలిచిపోతుంది. బర్క్‌లీ వారు 'రీనేమ్' అనే ఒకే ఆజ్ఞను చేర్చారు. దీన్ని ఆసరా చేసుకొని ప్రోగ్రాములు వ్రాసేవారు ఒక సదాచారం పాటించసాగారు. కొత్త ప్రతిని తాత్కాలికమైన పేరుతో పూర్తిగా వ్రాసి, ఆపైన దానిని పాత పేరు మీదికి మార్చడం. పాతదో కొత్తదో ఏదో ఒకటి తప్పక మిగులుతుందన్నది వారి ధీమా.

ఇక కరెంటు పోవడమనే ఆపద. ఒక దస్త్రాన్ని సృష్టించడానికి ఐనోడ్, సంచయం, ఖాళీల పట్టిక ఇన్ని చోట్ల వ్రాయాలి. నడుమ విద్యుత్తు ఆగితే ఆ మూడు సాక్ష్యాలూ ఒకదానితో ఒకటి పొసగవు. బర్క్‌లీ వ్యవస్థ ముఖ్యమైన వ్రాతలను క్రమం తప్పకుండా, ఒకటి పూర్తయ్యాకనే మరొకటి అన్నట్టు నడిపించింది. అది క్షేమం, కాని నిదానం. 1993లో లినక్స్‌కు వచ్చిన ఈఎక్స్‌టీ2 ఆ కాపలాను సడలించి వేగం సంపాదించింది. దానికి బదులుగా, యంత్రం హఠాత్తుగా ఆగితే ఎఫ్ఎస్‌సీకే అనే పరిశోధకుడు డిస్కంతా గాలించవలసి వచ్చేది. డిస్కులు పెద్దవయ్యేకొద్దీ ఆ నిరీక్షణ దుర్భరమైంది.

దీనికి పరిష్కారం మన షావుకార్లకు ఎప్పుడో తెలిసినదే. వ్యాపారి ముందు చిట్టాలో ఆనాటి పద్దు వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఎక్కించే నడుమ ఆటంకం వస్తే చిట్టా చూసి సరిచేసుకుంటాడు. దస్త్రవ్యవస్థలో ఈ చిట్టాకే జర్నల్ అని పేరు. స్టీఫెన్ ట్వీడీ రూపొందించిన ఈఎక్స్‌టీ3 2001లో లినక్స్ 2.4.15తో ప్రధాన స్రవంతిలో చేరింది. దాని వాడుక పద్ధతిలో, దస్త్రపు విషయం డిస్కు మీదికి చేరిన తరువాతనే దాని పద్దు చిట్టాలో ఖాయమవుతుంది. ఇది మామూలుగా అయిదేసి సెకన్లకొకసారి జరిగేది. వాడుకరులు దీనికి అలవాటుపడ్డారు. అయిదు సెకన్ల కిందట వ్రాసినది పోదన్న నమ్మకం ఏ శాసనంలోనూ లేకుండానే ఆచారమైపోయింది.

2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో ఈఎక్స్‌టీ4 స్థిరకూర్పుగా వచ్చింది. అందులో వేగం కోసం చేసిన ముఖ్యమైన మార్పు, బ్లాకులను కేటాయించడాన్ని వాయిదా వేయడం. దస్త్రం మొత్తం ఎంతో తెలిసేదాకా ఆగితే, దానికి వరుసగా చోటు దొరుకుతుంది. ఎంత తెలివైన ఆలోచన! అయితే ఆ వాయిదా అర నిమిషం దాటవచ్చు. పేరు మార్పు పద్దు మాత్రం అయిదు సెకన్లలోనే చిట్టాకెక్కుతుంది. ఆ సందులో యంత్రం ఆగితే ఏమవుతుంది? పాత ప్రతి పోయింది, కొత్త పేరు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. 2009 ఆరంభంలో ఉబుంటు పరీక్షకూర్పులను వాడినవారి దస్త్రాలు కొన్ని సున్నా బైట్లుగా మిగిలాయి.

అప్పుడు సాగిన వాదం ఆసక్తికరమైనది. ఈఎక్స్‌టీ4 బాధ్యుడు థియొడోర్ చో వాదన ఏమంటే, పోసిక్స్ ప్రమాణం ఆ హామీ ఇవ్వలేదు, విషయం డిస్కుకు చేరాలంటే ప్రోగ్రాము ఎఫ్‌సింక్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. ప్రోగ్రాములు వ్రాసేవారికీ సమాధానం ఉంది. ఈఎక్స్‌టీ3లో ఆ ఆజ్ఞ ఇస్తే ఒక్క దస్త్రంతో ఆగక మిగిలినవాటినీ డిస్కుకు తోసేది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 ఆ ఆజ్ఞను తరచుగా వాడినందువల్ల యంత్రాలు నిలిచి నిలిచి నడుస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వాడితే నిదానం, వాడకపోతే నష్టం.

వ్యాకరణం చదివినవాడిగా ఈ తగవు నాకు సుపరిచితం. సూత్రంలో లేనిదానిని వాడుక స్థిరపరిస్తే ఏది ప్రమాణం? చో సూత్రపక్షాన వాదిస్తూనే, వాడుకకు లోబడి దిద్దుబాటు వ్రాశారు. ఒక దస్త్రం పేరును పాత దస్త్రం మీదికి మార్చినప్పుడు, లేదా ఉన్నదానిని ఖాళీ చేసి తిరిగి వ్రాసి మూసినప్పుడు, వాయిదాను రద్దుచేసి వెంటనే చోటు కేటాయించాలన్నదే ఆ సవరణ. అది 2009లో లినక్స్ 2.6.30లో చేరింది. మిగిలిన చోట్ల వాయిదా వల్ల వచ్చే లాభం అలాగే ఉంది. నా దృష్టిలో మంచి పరిష్కరణకు ఇది ఉదాహరణ. తర్కంలో గెలిచి ఊరుకొని ఉంటే వాడుకరి వ్రాత దక్కేది కాదు.

ఇలాంటి దిద్దుబాట్లను లెక్కించిన పరిశోధన కూడా ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లాన్యూ లూ, ఆర్పాచీ-డ్యుసో దంపతులు, షాన్ లూ కలిసి, లినక్స్ 2.6 శ్రేణిలో ఎనిమిదేళ్ల కాలంలో ఆరు దస్త్రవ్యవస్థలకు జరిగిన 5,079 సవరణలను చదివి 2013లో ప్రకటించారు. వాటిలో సగానికి దగ్గరగా కేవలం నిర్వహణ, అంటే ఇల్లు ఊడ్చి సర్దుకోవడం వంటి పని. నూటికి 40కి కొంచెం తక్కువ దోషనివారణ. కొత్త సదుపాయాలు, వేగం, దృఢత్వం కోసం చేసినవి మిగిలిన కొద్దిపాటివే. దోషాలలో సగానికి పైగా అర్థదోషాలు. బడిలో దిద్దిన కాపీల భాషలో చెప్పాలంటే, సంధి తప్పిందని ఎవరైనా ఎర్రసిరాతో గీయగలరు. వాక్యం నిర్దోషంగా ఉండి భావం తప్పితే, విషయం తెలిసినవాడే పట్టాలి. పైగా వ్యవస్థ పాతబడేకొద్దీ దోషాలు తరగలేదని కూడా వారు చూపారు. కొత్త సదుపాయం వచ్చినప్పుడల్లా కొత్త దోషం దాని వెంట వస్తుంది.

కొత్తది కట్టినవారి పేర్లు మనకు దొరుకుతాయి. నిర్వహణకే చేసిన ఆ రెండు వేల పైచిలుకు సవరణలు ఎవరివో మనలో ఎవరం అడగము. మన ప్రాచీన గ్రంథాలకూ ఇదే న్యాయం. కవి పేరు నిలిచింది, శిథిలమవుతున్న ఆకును చూసి కొత్త ఆకు మీదికి ఎత్తి వ్రాసిన లేఖకుల పేర్లు చాలావరకు పోయాయి. గ్రంథం మాత్రం మన చేతికి వచ్చింది. తెలుగులో మనం వ్రాసుకుంటున్న నాలుగు మాటలూ అటువంటి అజ్ఞాత లేఖకుల కాపలాలోనే ఉన్నాయి. ఈ విద్యలో పనిచేసే మన పిల్లలెవరైనా "ఈరోజు కొత్తగా ఏమీ చేయలేదు, పాత కోడులో ఒక తప్పు దిద్దానంతే" అని చిన్నబుచ్చుకుంటే, ఆ 'అంతే' అన్న మాటను కొట్టివేయమని చెప్పండి.

స్వస్తి.