ఒకే తొట్టెలో పలు క్రేఫిష్‌లు: పాటించవలసిన జాగ్రత్తలు

క్రేఫిష్ మంచినీటిలో జీవించే, రొయ్యను పోలిన పదికాళ్ల జీవి. భారతదేశంలో ఇది సహజంగా లభించదు. అలంకార చేపల వ్యాపారం ద్వారా ఇళ్లకు చేరుతోంది. స్వభావరీత్యా ఇది తన చోటును కాచుకునే ఒంటరి జీవి. రెండింటిని ఒకేచోట ఉంచితే పోరు తప్పకపోవచ్చు.

అసలు ప్రమాదం గుల్ల విడిచే సమయంలో పొంచి ఉంటుంది. పెరిగేందుకు ఇది పాత గుల్లను వదులుతుంది. కొత్త గుల్ల గట్టిపడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మెత్తని దశలో తోటి క్రేఫిషే దానిని తినివేయగలదు. మంచినీటి రొయ్యలైన స్కాంపి సాగులోనూ ఈ సమస్య ఉన్నదే.

కాబట్టి లోతుకన్నా అడుగు వైశాల్యం ఎక్కువగా ఉన్న తొట్టెను ఎంచుకోవాలి. క్రేఫిష్‌ల సంఖ్యను మించి గొట్టపు ముక్కలు, రాతి గూళ్లు అమర్చాలి. సమాన పరిమాణం గలవాటినే కలిపి ఉంచి, ఆహారాన్ని వేర్వేరు చోట్ల వేయాలి. విడిచిన గుల్లను తీసివేయరాదు. అందులోని కాల్షియం కోసం క్రేఫిష్ దానినే తింటుంది. రాగి కలిసిన మందులు వీటికి విషతుల్యం. పైకి పాకి బయటపడకుండా మూత బిగించాలి. నాలుగైదు సెంటీమీటర్లకు మించని మెక్సికో మరుగుజ్జు రకం గుంపుగా పెంచడానికి కొంత అనువైనది.

సంతతి పెరిగినా, పెంపకం భారమైనా వీటిని చెరువుల్లో వదలరాదు. అభన్‌పూర్ సమీపంలోని రాజిం వద్ద పైరి, సోంఢూర్ నదులు మహానదిలో కలుస్తాయి. అటువంటి జలాల్లో పరాయి క్రేఫిష్ స్థిరపడితే స్థానిక చేపలకు, రొయ్యలకు ముప్పు వాటిల్లుతుంది.