బండి కదల్లేదు, సరిహద్దే కదిలింది

మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి తరచూ వచ్చే సందేహం ఒకటుంది. బెంగళూరులోనో పుణేలోనో ఎవరో అమ్మేస్తున్న డర్ట్ బైక్ కొన్నారనుకుందాం. అంటే లైట్లు, అద్దాలు, ఇండికేటర్లు ఏమీ లేకుండా మట్టిలో ఎగరడానికి మాత్రమే చేసిన బండన్నమాట. దాన్ని హన్మకొండ తెచ్చి, ఓ హెడ్‌లైటూ హారనూ బిగించి, ఆర్టీఏలో నంబరు తీసుకుని కాజీపేట రోడ్డు మీద తోలొచ్చా?

కుదరదు. వరంగల్లోనే కాదు, దేశంలో ఏ రాష్ట్రంలోనూ కుదరదు. కవాసాకీ వాళ్ళు 2018లో కేఎల్‌ఎక్స్ 140 అని ఒక బుజ్జి బండిని ఇక్కడ అమ్మకానికి పెట్టారు. షోరూంలో డబ్బు కట్టి కొనుక్కోవచ్చు, రోడ్డెక్కించడానికి మాత్రం లేదు. హీరో వాళ్ళ ఇంపల్స్ (2011), ఎక్స్‌పల్స్ (2019) సంగతి వేరు. అవి మట్టికీ తారుకీ రెండిటికీ పనికొచ్చేలా చేసి, పరీక్షలు పాసై, మామూలుగా నంబరు తెచ్చుకున్న బండ్లు.

అమెరికాలో కొన్నాళ్ళుండి వచ్చిన మనవాళ్ళకి ఇది మింగుడు పడదు. అక్కడ ఏ బండి రోడ్డుకి పనికొస్తుందో చాలావరకు రాష్ట్రమే తేలుస్తుంది. అరిజోనాలో డర్ట్ బైక్‌కి లైట్లూ అద్దమూ హారనూ పెట్టి ఇన్‌స్పెక్షన్ చేయిస్తే రోడ్డు బండిగా మార్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో కాలుష్యం నిబంధనల పేరుతో అదే పనికి చుక్కలు చూపిస్తారు. అందుకని జనం ఒక రాష్ట్రంలో ఉంటూ ఇంకో రాష్ట్రంలో కాగితాలు పుట్టించుకుంటారు. వెర్మాంట్ అయితే, తమ గడ్డ మీద అడుగు పెట్టనివాళ్ళకి కూడా పోస్టులో రిజిస్ట్రేషన్ పంపేది, టైటిల్ లేని పాత బండ్లకి సైతం. దేశం నలుమూలల నుంచీ దరఖాస్తులు వచ్చిపడ్డాయి. చివరికి 2023లో పరాయి రాష్ట్రాల వాళ్ళకి ఆ తలుపు మూసేశారు.

మన దగ్గర ఆ పప్పులుడకవు. కారణం చరిత్రలో ఉంది, దానికి మన వరంగల్ మంచి ఉదాహరణ.

బ్రిటిష్ ఇండియాలో మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. రిజిస్ట్రేషన్ నియమాలు రాసుకునే పని అప్పట్లో స్థానిక ప్రభుత్వాలదే. 1939 చట్టం దాన్నొక పద్ధతిలోకి తెచ్చింది. ఒకచోట చేసిన రిజిస్ట్రేషన్ మిగతా చోట్లా చెల్లుతుంది, కానీ బండి వేరే చోటికి వెళ్ళి 12 నెలలు దాటి ఉండిపోతే అక్కడి నంబరు తీసుకోవాలి. ఇప్పుడున్న 1988 చట్టంలో 46, 47 సెక్షన్లు ఆ మాటే చెప్తాయి. రాజ్యాంగం ఇంకో పని చేసింది. వాహనాల మీద పన్నుని రాష్ట్రాల జాబితాలో (57వ అంశం) పెట్టి, వాహనాల గురించిన చట్టాన్ని ఉమ్మడి జాబితాలో (35వ అంశం) పెట్టింది. మన భాషలో చెప్పాలంటే బండి అనే క్లాస్‌ని కేంద్రం రాస్తుంది, బిల్లింగ్ మాడ్యూల్ రాష్ట్రానిది. పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో నమూనా పరీక్ష పాసవని మోడల్‌కి కంపెనీ ఫారం 22 ఇవ్వలేదు, అది లేకుండా ఏ ఆర్టీఏ నంబరివ్వదు. పోనీ మనమే లైట్లు బిగిద్దామంటే 52వ సెక్షన్ అడ్డు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు చెయ్యకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. అంచేత రాష్ట్రం మారిస్తే మారేది పన్ను ఒక్కటే, బండి యోగ్యత కాదు.

పన్నే కదా అని తీసిపారెయ్యకండి, అసలు కథంతా అక్కడే ఉంది. మామూలు బండికి రాష్ట్రం దాటడమంటే ఏమిటో వరంగల్ వైపు నుంచి చూద్దాం.

నిజాం కాలంలో వరంగల్ జిల్లా చాలా పెద్దది. ఖమ్మం అందులోదే, 1953లో గానీ విడిపోలేదు. మధిర దాటితే కృష్ణా జిల్లా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. ఇవతల ఉస్మానియా సిక్కా, అవతల కంపెనీ రూపాయి. మధ్యలో కరోడ్‌గిరి, అదే నిజాం వారి కస్టమ్స్. అటూ ఇటూ తెలుగే మాట్లాడతారు, పెళ్ళి సంబంధాలు కలుపుకుంటారు, కానీ బండి మాత్రం పరాయి రాజ్యంలోకి వెళ్తున్నట్టే లెక్క.

1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. అప్పటి ఆల్బియన్ బస్సొకటి హైదరాబాద్ బస్ భవన్‌లో ఉంచారు, నంబరు హెచ్‌వైజడ్ 223. హెచ్‌వై అంటే హైదరాబాద్. చివరి జడ్ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని చెబుతారు. తమాషా ఏమిటంటే హైదరాబాద్ సంస్థానం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశూ పోయింది, ఆర్టీసీ బస్సు నంబరులో ఆ జడ్ మాత్రం ఉండిపోయింది. పాత కోడ్‌లో ఎవరూ ముట్టుకోని వేరియబుల్ పేరులాగా!

1956 నవంబరు 1న మధిర దగ్గరి గీత చెరిగిపోయింది. ఆ తర్వాత 1989 జూలై 1న 1988 చట్టం అమల్లోకొచ్చి, ఎ తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబర్లు పోయి ఏపీ పక్కన జిల్లా అంకె చేరింది. జిల్లాల్ని ఇంగ్లీషు అక్షర క్రమంలో వరసగా పేర్చారు. ఆదిలాబాద్ 1, అనంతపురం 2, అలా వచ్చి వరంగల్ 36, పశ్చిమ గోదావరి 37. ఎవరు సార్ట్ చేశారోగానీ రెండు బగ్గులు దొర్లాయి. కృష్ణా (16) తర్వాత ఖమ్మం (20) వచ్చింది, నిజామాబాద్ (25) తర్వాత నెల్లూరు (26). ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయాక ఎవరు సరిచేస్తారు చెప్పండి. మా తరానికి ఏపీ 36 అనేది ఒట్టి అంకె కాదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆ ప్లేటు కనబడితే మనోడే అని పక్కకి తిరిగి ఓసారి చూసేవాళ్ళం.

2014 జూన్ 2న మళ్ళీ గీత గీశారు. ఈసారి అసలైన చిక్కు వచ్చింది. 47వ సెక్షన్ బండి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్తే ఏం చెయ్యాలో చెప్తుంది. కానీ హన్మకొండ చౌరస్తాలో స్టాండు వేసి ఉన్న బజాజ్ చేతక్ ఎక్కడికీ వెళ్ళలేదే! రాష్ట్రమే దాని కిందనుంచి జరిగిపోయింది. చట్టం రాసినవాళ్ళు బండి కదులుతుంది, సరిహద్దు నిలబడుతుంది అనుకున్నారు. ఇక్కడ రెండూ తలకిందులయ్యాయి. కొత్త బండ్లకి టీఎస్ 03 వచ్చింది. ఉన్న ఏపీ బండ్లన్నీ టీఎస్‌కి మారాలన్న మాటా లేచింది, గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది, చివరికి ఆ మార్పిడి అమలు కాలేదు. అది మంచికే జరిగిందని నా అభిప్రాయం. లక్షల బండ్ల ప్లేట్లు మార్చడమంటే ఆర్టీఏ ఆఫీసు ముందు ఏజెంట్లకి పండగ చెయ్యడమే.

అన్నట్టు టీఎస్ అంకెల్లో అక్షర క్రమం లేదు. ఆదిలాబాద్ 01, కరీంనగర్ 02, వరంగల్ 03, ఖమ్మం 04, నల్గొండ 05, మహబూబ్‌నగర్ 06. మ్యాపు తీసి చూడండి, గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. 2016లో జిల్లాలు చీలినప్పుడు వరంగల్ రూరల్‌కి 24, భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కి 26, జనగామకి 27 ఇచ్చారు. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే వరంగల్ అనగానే గుర్తొచ్చే 03 ఇప్పుడు కాగితం మీద హనుమకొండది, వరంగల్‌ది 24. 2024 మార్చిలో టీఎస్ కాస్తా టీజీ అయింది, పాత ప్లేట్లు మార్చక్కర్లేదన్నారు. అలా ఒకే ఇంటి ముందు తాతగారి స్కూటర్ ఏపీ 36, కొడుకు బైకు టీఎస్ 03, మనవరాలి కొత్త స్కూటీ టీజీ 03 ఉండొచ్చు. మూడూ పుట్టి పెరిగింది అదే వీధిలో!

గీత అవతలికి నిజంగా వెళ్ళిన బండ్ల కష్టం వేరు. దాన్ని ఎక్కువగా అనుభవించింది మన ఐటీ జనమే. ఏపీ నంబరుతో బెంగళూరు వెళ్ళినవాళ్ళని అక్కడి రవాణా అధికారులు ఆపి లైఫ్ టాక్స్ కట్టమనడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2014లో కర్ణాటక తన పన్ను చట్టం సవరించి, బయటి బండి 30 రోజులు దాటి ఉంటే మొత్తం జీవితకాల పన్ను కట్టాలంది. కేంద్ర చట్టం నంబరు మార్చుకోడానికే 12 నెలలిస్తుంటే, రాష్ట్రం పన్ను కోసం నెలకే పట్టుకోవడం ఏం న్యాయం? 2016లో కర్ణాటక హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది.

బెంగళూరు బండిని వరంగల్ తేవాలన్నా దారి సులువేం కాదు. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ, దొంగబండి కాదని పోలీసు రిపోర్టు, లోనుంటే బ్యాంకు ఒప్పుకోలు. దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో కాదని చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్కని 48వ సెక్షన్ అంటుంది. ఆ మాట కౌంటర్ దగ్గర చెప్పి పని చేయించుకున్నవాళ్ళని నేనింకా చూళ్ళేదు లెండి. తర్వాత ఇక్కడ ఫారం 27, బండి వయసుని బట్టి మళ్ళీ లైఫ్ టాక్స్. అక్కడ కట్టిందాంట్లో మిగిలిన భాగం వెనక్కివ్వమని, ఇక్కడి ఆర్‌సీ చూపించి అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ ఆఖరి అడుగు దగ్గరే చాలామంది పోతే పోయిందని వదిలేస్తారు. లైఫ్ టాక్స్ అని పేరే గానీ దాని ఆయుష్షు సరిహద్దు దాకానే.

దీనికి విరుగుడుగా 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ సిరీస్ వచ్చింది. పన్ను రెండేళ్ళకోసారి కడుతూ పోవచ్చు, రాష్ట్రం మారినా నంబరు మారదు. ఐడియా బ్రహ్మాండం. కానీ ఎవరికిస్తారో చూశారా? ప్రభుత్వ ఉద్యోగులకి, సైన్యానికి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్ళకి. మనలో చాలామందికి దొరుకుతుంది. నర్సంపేట నుంచి నాగపూర్ వెళ్ళి మేస్త్రీ పని చేసుకునేవాడికి దొరకదు. ఉద్యోగం కోసం రాష్ట్రం దాటే అవసరం అతనికే మనకన్నా ఎక్కువ, పన్ను రెండుసార్లు కట్టే స్తోమత మనకన్నా తక్కువ. ఇది చిన్న లోపమని నేననుకోను.

మరి రోడ్డే ఎక్కని బండికి రోడ్డు పన్ను ఎందుకు? ఇది డర్ట్ బైక్ వాళ్ళకంటే ముందు గనులవాళ్ళు అడిగిన ప్రశ్న. 1974లో బొలానీ ఓర్స్ కేసులో, గని ఆవరణలోనే తిరిగే డంపర్లకి రిజిస్ట్రేషన్ అవసరమైనా పన్ను అక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. 1992లో ఇంకో ఒరిస్సా కేసులో, రబ్బరు టైర్లుండి రోడ్డు మీద నడవగలిగితే కట్టాల్సిందేనంది. మన భూపాలపల్లి ఓపెన్ కాస్టులో డంపర్లని చూసినవాళ్ళకి ఈ గొడవ తేలిగ్గా అర్థమవుతుంది.

మొన్న 2025 ఆగస్టులో మన తెలుగు నేల నుంచే మళ్ళీ వెళ్ళింది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రహరీ లోపలి యార్డులో ఒక కంపెనీ 36 వాహనాలు నడిపింది. బయటికి రానివాటికి పన్నెందుకని అడిగి, కట్టిన రూ. 22,71,700 వెనక్కివ్వమంది. హైకోర్టులో సింగిల్ జడ్జి ఇమ్మన్నారు, డివిజన్ బెంచ్ వద్దంది, సుప్రీంకోర్టు మళ్ళీ ఇమ్మంది. పన్ను అనేది పబ్లిక్ రోడ్డు వాడుకున్నందుకు, వాడనివాడు కట్టక్కర్లేదు అని తేల్చింది.

కాబట్టి డర్ట్ బైక్ మీద అంత మోజుంటే కొనుక్కోండి. నంబరుండదు కాబట్టి నంబరు మార్చే పనీ లేదు, రోడ్డెక్కదు కాబట్టి లైఫ్ టాక్సూ లేదు. పుణే నుంచి వరంగల్‌కి రాష్ట్రాలు దాటించినా ఎన్‌ఓసీ అడిగేవాడుండడు, బిల్లు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి. సొంత పొలమో, తెలిసినవాళ్ళ ఖాళీ జాగానో చూసుకుని, అక్కడిదాకా టాటా ఏస్‌లో వేసుకెళ్ళండి.