వైద్య విద్యార్థుల దంత అవగాహన: జవాబులు చూడాలా, నోరు చూడాలా?

బెంగళూరు మెడికల్ కాలేజీ 1955లో, ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1958లో మొదలయ్యాయి. రెండూ కోట ప్రాంతంలో, విక్టోరియా ఆస్పత్రి పరిసరాల్లోనే ఉన్నాయి. పళ్ల డాక్టర్లకు ఇంత దగ్గరలో చదివే ఎంబీబీఎస్ విద్యార్థికి పిప్పిపళ్ల గురించి ఏ మేరకు తెలుసో కొలవడం అవసరమే. అయితే ఆ కొలత దేనితో అన్నదే అసలు చిక్కు.

ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా ప్రశ్నావళి మీదే నడుస్తాయి. హిరోషిమా విశ్వవిద్యాలయం పేరుతో 1988లో కవామురా రూపొందించిన 20 ప్రశ్నల పట్టిక వాటిలో ప్రసిద్ధం. తరగతిలో పంచి కాసేపట్లో వెనక్కి తీసుకోవచ్చు, ఖర్చూ తక్కువే. కానీ రోజుకు ఎన్నిసార్లు పళ్లు తోముకుంటారని కాబోయే డాక్టరును అడిగితే, ఏ జవాబు మెచ్చుకుంటారో అతనికి ముందే తెలుసు. అందువల్ల వచ్చే అంకె అలవాటు కంటే పరీక్షా జ్ఞానాన్నే ఎక్కువగా చూపే అవకాశం ఉంది.

ఇక ప్రశ్నావళిలో ఏం అడగాలో పిప్పి పుట్టే తీరే చెబుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్ ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ పీహెచ్‌ను మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పట్టవచ్చు. అంటే ఎంత చక్కెర తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. పరీక్షల రోజుల్లో హాస్టల్ గదిలో రాత్రంతా కాస్త కాస్తగా తాగే తీపి కాఫీ ప్రశ్నావళిలో ఉండి తీరాలని నా అభిప్రాయం. ఫ్లోరైడ్ పేస్టు వాడకం కూడా అంతే ముఖ్యం. పిల్లలు, కౌమారులపై జరిగిన ప్రయోగాలను కాక్రేన్ సంస్థ 2003లో సమీక్షించినప్పుడు, అది శాశ్వత దంతాల్లో పిప్పిని సగటున 24 శాతం తగ్గించినట్లు తేలింది.

2002-03 జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో పిప్పిపళ్లు 15 ఏళ్లవారిలో 63.1 శాతం మందికి, 35-44 ఏళ్లవారిలో 80.2 శాతం మందికి కనిపించాయి. వైద్య విద్యార్థుల వయసు ఈ రెంటి నడుమ పడుతుంది. అలాగని కాలేజీ రోజుల్లోనే పళ్లు పాడవుతున్నాయనలేం, అవి రెండు వేర్వేరు తరాల అంకెలు. మొదటి ఏడాదివారిని చివరి ఏడాదివారితో పోల్చే అధ్యయనాలకూ ఇదే పరిమితి. 2019లో అమల్లోకి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో పిప్పిపన్ను, చిగుళ్ల జబ్బు, నోటి క్యాన్సర్ ఉన్నాయి. ఆ పాఠం ఫలించిందా అన్నది తేలాలంటే ఒకే విద్యార్థులను ఏటా చూడాలి.

పక్కనే దంత కళాశాల ఉన్న చోట ఇది కష్టమేమీ కాదు. విద్యార్థి సమ్మతితో, అధ్యాపకులకు పేర్లు తెలియకుండా నోరు పరీక్షించాలి. పాచిని సిల్నెస్-లో సూచీతో లెక్కగట్టాలి. పుచ్చిన, ఊడిన, సిమెంటు పెట్టిన పళ్లను కలిపి ఒక్క మొత్తంగా కాక విడివిడిగా ప్రకటించాలి. సిమెంటు పెట్టిన పన్ను వైద్యం అందిందని చెబుతుంది, పుచ్చి అలాగే ఉన్న పన్ను అందలేదని చెబుతుంది. రెండింటినీ కలిపేస్తే ఆ తేడా పోతుంది.