నీటి పక్షమున సాక్ష్యము

నంద్యాలనుండి ఆళ్లగడ్డ దిశగా పోవువారికి తూర్పున నల్లమల కొండలు తోడుగా వచ్చును. ఆ కొండల చెంతనున్నది రుద్రవరము. వాగులు, చెరువులు, బావులు ఈ సీమకు ప్రాణాధారములు. ఇచ్చటి వాననీరు కుందూ నదిని చేరును. కుందూ పోయి పెన్నలో కలియును. 1860 దశకమున త్రవ్వనారంభించిన కర్నూలు-కడప కాలువ తుంగభద్రా జలమును ఈ ప్రాంతమునకు తెచ్చినది. నీరు చాలునా, చాలదా అను ప్రశ్న ఇచ్చట తరతరములుగా వినబడుచున్నదే. ఆ నీరు మంచిదా, కాదా? కాకున్నచో ఎవరిని అడుగవలెను? ఏమి చూపి అడుగవలెను? ఇది వేరొక ప్రశ్న. దీనికి సమాధానము చెప్పగలవారిని తయారుచేసికొనుటకు మన దేశమునకు నూరేండ్లకు పైగా పట్టినది.

1860 నాటి శిక్షాస్మృతిలో 277వ సెక్షను ఒకటి ఉండెను. పదిమంది వాడుకొను ఊటను గాని, జలాశయమును గాని బుద్ధిపూర్వకముగా పాడుచేసినవారికి మూడు నెలల ఖైదు, లేదా 500 రూపాయల జుల్మానా, లేదా రెండును విధింపవచ్చునని అది చెప్పినది. చెరువును చెరచినవానిని పట్టుకొనుటకు ఇది చాలును. మరి పారునట్టి నది మాట ఏమి? నదీ ప్రవాహము ఊట కాదనియు, ఈ సెక్షను దానికి వర్తింపదనియు మదరాసు హైకోర్టు 19వ శతాబ్దముననే తేల్చినది. కర్నూలు జిల్లా అప్పుడు ఆ కోర్టు పరిధిలోనిదే. చెరువునకు దొరికిన రక్షణ కుందూకు దొరకలేదన్న మాట. ఆ సెక్షనునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షను అమలునకు వచ్చినది. శిక్ష ఆరు నెలలకు, జుల్మానా 5,000 రూపాయలకు పెరిగినవి. ఊట, జలాశయము అను మాటలు మాత్రము మారలేదు.

చట్టము చూడలేనిది ఒకటైతే, కన్ను చూడలేనిది మరియొకటి. నాటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశము జిల్లా ప్రాంతపు పల్లెలలో, నడుము వంగి, కీళ్లు బిగిసిన రైతులను వైద్యశాస్త్రజ్ఞులు పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే ఇందులకు కారణమని 1937లో ప్రకటించిరి. ఆ నీరు తేటనైనదే. దానిని చెరచిన మనుష్యుడెవ్వడును లేడు; భూగర్భమునందలి రాయియే దోషి. తేటనీరెల్ల మంచినీరు కాదను పాఠమును ఆ పల్లెలు తమ ఎముకలతో నేర్చుకొన్నవి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లిగ్రామునకు మించరాదనియు, వేరొక ఆధారము లేనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు నేటి భారతీయ ప్రమాణము. ఈ కొలత ప్రయోగశాలకే తెలియును.

రసాయనశాస్త్రమును, న్యాయశాస్త్రమును ఒక్కచోటికి తెచ్చినది 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టము. ఇందులో నదులు, వాగులు, భూగర్భజలము కూడ చేరినవి. 1976లో ఆంధ్రప్రదేశ్‌కు కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. ఈ చట్టమునందలి 21వ సెక్షను మిక్కిలి గమనింపదగినది. కర్మాగారమునుండి వెలువడు నీటి నమూనాను తీయువారు అక్కడికక్కడే యజమానికి నోటీసు ఇయ్యవలెను. అతడు కోరినచో నమూనాను రెండు భాగములు చేయవలెను. సీసాలకు గుర్తులు పెట్టి, సీలు వేసి, ఉభయులును సంతకములు చేయవలెను. ఇందులో ఏది తప్పినను, నీటిలో విషమున్నను, ఆ విషము కోర్టులో లేనట్లే. 1986లో ఢిల్లీ హైకోర్టు ఒక సీసా పానీయముల కంపెనీ వ్యాజ్యములో సరిగా ఇట్లే తీర్పు చెప్పినది. నమూనాను విధి ప్రకారము తీయలేదు గనుక పరీక్షాఫలితము సాక్ష్యముగా చెల్లదనినది. పరీక్ష ఎరిగినవానికి చట్టము తెలియనిచో నష్టపోవునది నీరే.

ఈ లోటును తీర్చుటకు విద్యయే మార్గమైనది. పర్యావరణ విద్యను విద్యాసంస్థలలో తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. 1992లో స్వీడను దేశపు సహాయముతో హైదరాబాదులో పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధనా సంస్థ వెలసినది. బార్ కౌన్సిలు 2008 నిబంధనలలో న్యాయవిద్యార్థులకు పర్యావరణ చట్టమును తప్పనిసరి పాఠ్యాంశముగా చేర్చినది.

మరి న్యాయమూర్తుల మాట? హైదరాబాదునకు త్రాగునీరిచ్చుటకు నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చేరువ ఆముదపు నూనె సంబంధమైన పరిశ్రమ ఒకటి పెట్టదలచినపుడు మండలి అనుమతి నిరాకరించినది. అప్పీలు అధికారి అనుమతించెను. హైకోర్టు దానిని సమర్థించినది. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయినది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు తమ తీర్పులో, శాస్త్రజ్ఞులు భిన్నాభిప్రాయములు చెప్పునపుడు న్యాయపీఠమునందే శాస్త్రజ్ఞానము ఉండవలసిన అవసరమును వివరించి, ఈ విషయమును లా కమిషను పరిశీలింపవలెనని కోరిరి. తరువాత వారే ఆ కమిషనునకు అధ్యక్షులై, 2003లో 186వ నివేదికలో పర్యావరణ న్యాయస్థానములను సిఫారసు చేసిరి. 2010లో చట్టమైన జాతీయ హరిత న్యాయాధికరణములో న్యాయమూర్తుల సరసన నిపుణులకును ఆసనము లభించినది.

ఇంత చరిత్రయు తుదకు వచ్చి నిలుచునది ఒక సీసా వద్ద. రేపు రుద్రవరము వాగులో చేపలు తేలినను, బావినీరు రుచి మారినను, అచ్చటికి వచ్చిన ఉద్యోగికి నీటిని ముంచుటయు తెలియవలెను, సీలు వేయుటయు తెలియవలెను. ఊరివారు కూడ ఆ సంతకము పడువరకు ప్రక్కన నిలిచి చూడవలెను. నీటికి నోరు లేదు. దాని పక్షమున మాటాడువాడు చదువుకొన్నవాడై ఉండవలెను.