ఆకాశపు తెరను గుర్తించుట ఎట్లు?

నర్సీపట్టణము చెంత బలిఘట్టమున వరాహనది ఉత్తరవాహినియై పారుచున్నది. బలిచక్రవర్తి ఇచ్చట యజ్ఞము చేసెనని స్థలపురాణము. వామనుడు అడిగి మరీ ఆకాశమును కొలిచినాడు. నేడు ఎవరినీ అడుగకయే దానికి తెర కట్టవచ్చునను ఆలోచన పుట్టినది. గంధకపు వాయువును స్ట్రాటోస్ఫియరునకు చేర్చినచో అది ఆమ్లబిందువులై కొంత ఎండను వెనుకకు మరలించును, భూమి చల్లబడును. అట్టి పని ఎవరైన చాటుగా చేసిన మనకు తెలియునా?

ఈ విద్యకు గురువులు అగ్నిపర్వతములే. 1883 ఆగస్టులో జావా చెంత క్రాకటోవా ప్రేలినది. సెప్టెంబరులో మద్రాసువారికి సూర్యుడు ఆకుపచ్చగా కనబడినాడు. క్రిస్టియన్ కళాశాల ఆచార్యుడు మిచీ స్మిత్ వర్ణపటదర్శినితో పరీక్షింపగా నీటియావిరి చారలు బలముగా కనబడినవి. కావున ఆవిరియే కారణమను తలంపు కొంతకాలము నడిచినది. పరికరము మంచిదే; కాని పై ఆకాశము మామూలుగా ఎట్లుండునో చెప్పు కొలతలు ఆనాడు ఎవరికడను లేవు. మన విషయమంతయు ఈ ఒక్క లోటులోనే ఉన్నదని మా యభిప్రాయము.

1991 జూను 15న ఫిలిప్పీన్సులో పినటుబో ప్రేలినది. ఆ తెర సుమారు మూడు వారములలో భూగోళమును చుట్టివచ్చినది. అక్టోబరులోను, మరల 1992 ఏప్రిలులోను అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయమువారు హైదరాబాదునుండి బెలూన్లను పంపి ఆ పొరను కొలిచిరి. హైదరాబాదు, బలిఘట్టము రెండును 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశముల నడుమనే కలవు; స్ట్రాటోస్ఫియరు గాలులు తూర్పు పడమరలుగా వీచును గనుక అచ్చటి కొలత మన ప్రాంతమునకును పనికివచ్చును. భూమి సగటున అర డిగ్రీ చల్లబడినది. కాని ఆ యేడు ప్రపంచపు నేలపై వానలును తగ్గినవి. వరాహనది కట్టున వరి నాటు రైతునకు అర డిగ్రీకన్న వానయే ముఖ్యము గదా!

బిందువును చూచి అది కొండ కక్కినదో, విమానము చల్లినదో చెప్పుట కష్టము. ప్రేలుడు లేకయే పొర చిక్కబడినచో అనుమానింపవలెను. గాలులదారిని వెనుకకు లెక్కించి పుట్టినచోటు వెదకవలెను. అందుకు ఏటేటి కొలతలు కావలెను. తిరుపతి చెంత గాదంకిలో 1998 నుండి లేసరు కిరణములతో ఈ పొరలను పరిశీలించిరి. ఋతుపవనకాలమున ఆసియాపై తనంతట ఏర్పడు సూక్ష్మకణముల పొరను తెలిసికొనుటకై 2014 మొదలు కొన్నేండ్లపాటు ఇస్రో, నాసా శాస్త్రజ్ఞులు గాదంకి, హైదరాబాదు, వారణాసులనుండి బెలూన్లను పంపిరి. దీనిని ఎరుగనిచో రేపు దీనినే దొంగపని యని భ్రమపడగలము.

2022లో ఒక అమెరికా సంస్థ మెక్సికోలో కొద్ది గ్రాముల గంధకపు వాయువును బెలూన్లతో వదలినది. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వము అట్టి ప్రయోగములను నిషేధింతునని ప్రకటించినది. ఆ కొద్ది గ్రాములను ఏ పరికరమును పట్టియుండలేదు. చేసినవారే చాటుకొనుటచేత లోకమునకు తెలిసినది.