ఎంత మానుకు ఎంత రంపము?

పద్దెనిమిదవ శతాబ్దపు చివర స్కాట్లండులో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులు ఎముకను కోయుటకు పళ్ళు గల సన్నని గొలుసును వాడిరి. దానికి రెండు కొనలయందును పిడులుండెడివి. గొలుసును ఎముక చుట్టు త్రిప్పి, ఇటునటు లాగి కోసెడివారు. 1830లో జర్మనీ దేశీయుడు బెర్న్‌హార్డ్ హైనె ఆ గొలుసును కొసలు లేకుండ కలిపి, ఒక బద్ద అంచు వెంబడి పరుగెత్తునట్లు అమర్చెను. పిడి త్రిప్పిన కొలది పళ్ళచక్రము గొలుసును లాగుచుండెను. మత్తుమందుగా ఈథరు వాడుకలోనికి వచ్చినది 1846లో. అంతకు ముందు రోగికి కోత ఎంత త్వరగా ముగిసిన అంత మేలు. నేడు అడవులలో చెవులు చిల్లులు పడునట్లు మ్రోగు గొలుసు రంపమునకు ఈ శస్త్రచికిత్సా సాధనమే పూర్వరూపము.

మానులు కోయువారికి ఆ గొలుసు చాల ఆలస్యముగ అందినది. కాలిఫోర్నియాలోని బ్రహ్మాండమైన రెడ్‌వుడ్ వృక్షములను ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి, పొడవైన రంపముతో గంటల తరబడి కోసెడివారు. ఆ వృక్షములకొరకే శాన్ ఫ్రాన్సిస్కోవాసి శామ్యూల్ బెన్స్ 1905లో అంతులేని గొలుసు గల రంపమునకు పేటెంటు పొందెను. ఊహ సరియైనదే, కాని దానిని నడుపగల తేలిక యంత్రము అప్పటికి లేదు. 1926లో స్టట్‌గార్ట్ నగరమున ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడచు రంపమును చేసెను. దాని బరువు 64 కిలోలు. మరుసటి యేడు ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపమును తూరింగియాలోని డోల్మార్ కొండపై నడిపి చూచి, ఆ కొండ పేరే తన రంపమునకు పెట్టెను. అదియు 58 కిలోలే. వీనిని ఇద్దరు మోయవలెను, ఇద్దరు పట్టవలెను. అంత బరువును భుజానికెత్తుకొని కొండ యెక్కుట ఎట్టిదో మన ఏజెన్సీ ప్రాంతపు కూలీలకు వేరుగ చెప్పనక్కరలేదు. "ఎంత పరిమాణముది కొనవలెను" అను ప్రశ్నయే ఆ రోజులలో లేదు. ఉన్నదొక్కటే పరిమాణము.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత అల్యూమినియము, మెగ్నీషియము పోతలు చౌకబడి యంత్రములు తేలికైనవి. 1949లో అమెరికాలో మెకల్లక్ సంస్థ వెలువరించిన రంపము పాతిక పౌన్లు, అనగా 11 కిలోల పైచిలుకు మాత్రమే తూగెను. 1950లో స్టీల్ సంస్థయు ఒక్క మనిషి వాడదగిన రంపమును విడుదల చేసెను. రంపపు పరిమాణమును ఎన్నుకొను అవకాశము ఇక్కడ ఆరంభమైనది.

యంత్రము సిద్ధమైనను గొలుసు పళ్ళు మాత్రము పాత చేతిరంపపు పళ్ళనే అనుకరించుచుండెను. అవి కోయుటకంటె గీకుట ఎక్కువ. ఆకురాయితో వానిని పదునుపెట్టుటకే సగము ప్రొద్దు గడచిపోయెడిది. 1946లో ఆరెగాన్ అడవిలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను కలప పనివాడు ఒక మోడును తొలుచుచున్న పురుగును గమనించెను. వ్రేలెడు లావు గల ఆ డింభకము మాను నారకు అడ్డముగను, వెంబడిని ఒకే తీరున దారి చేసుకొని పోవుచుండెను. దాని దవడలు కొక్కెమువలె వంపు తిరిగి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కోయుచుండెను. కాక్స్ ఉక్కులో అట్టి పన్నును చేసెను. పన్ను ప్రక్క అంచు నారను తెగగోయును. పై అంచు తెగిన ముక్కను లేపును. ముందున్న చిన్న మెట్ట పన్ను ఎంత లోతు దిగవలెనో నిర్ణయించును. 1947లో పోర్ట్‌లాండులోని తన యింటి నేలమాళిగలో ఈ గొలుసుల తయారీ ప్రారంభించెను. నేటి గొలుసులన్నియు దాదాపు ఆ పన్నుయొక్క సంతతియే. కీటకము నుండి యంత్రము నేర్చిన పాఠములలో ఇంత లాభసాటియైనది అరుదు.

ఇక కలప సంగతి. వృక్షశాస్త్రజ్ఞులు వెడల్పాకుల చెట్లన్నిటిని గట్టికలప జాతిలో చేర్చెదరు. ఆ లెక్కన మన బూరుగు కూడ గట్టికలపయే! గోటితో నొక్కిన సొట్టపడు బూరుగును, గొడ్డలిని వెనుకకు నెట్టు నల్లమద్దిని ఒకే పేరున పిలుచుట పనివానికి ఉపకరింపదు. 1906లో ఆస్ట్రియావాసి గాబ్రియేల్ యాంకా ఇంతకంటె పనికివచ్చు కొలత నేర్పరచెను. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళము సగము వరకు కలపలో దిగుటకు ఎంత బలము వలయునో కొలువవలెను. డగ్లస్ ఫర్‌కు సుమారు 2,900 న్యూటన్లు, టేకునకు సుమారు 5,000, తెల్ల ఓకునకు 6,000, ఆస్ట్రేలియాలోని జారాకు 8,500 వరకు పట్టును. అయినను ఈ అంకె ఒక్కటే చాలదు. టేకు మధ్యరకము గట్టిదే. కాని దానిలోని సిలికా, అనగా ఇసుకలోనుండు పదార్థమే, పళ్ళ పదునును వేగముగ హరించును. చేవదేరిన ఎండుమాను పచ్చిమానుకంటె కోయుట కష్టమని కోతగాండ్రందరెరిగినదే.

ఈ రంపము చేయవలసిన పనులు రెండు: మానును పడగొట్టుట, దుంగను పలకలుగ కోయుట. కొనువారు పొరపడునది ఇక్కడనే. 60 సెంటీమీటర్ల మానును అడ్డముగ కోసిన ఆ కోత వైశాల్యము 0.28 చదరపు మీటరు. అదే మాను నుండి తీసిన 3 మీటర్ల దుంగను నడిమికి నిలువున చీల్చిన ఒక్క కోత వైశాల్యము 1.8 చదరపు మీటర్లు, అనగా ఆరు రెట్లకు పైన. పలకలన్నియు తీయుటకు అట్టి కోతలు పది పన్నెండు కావచ్చును.

వైశాల్యముతోనే తేడా తీరదు. మానును సన్నని గొట్టముల మోపుగా భావింపుడు. అడ్డకోతలో పన్ను ప్రక్క అంచు గొట్టములను తెంపును, నడుమ ముక్క సులువుగ ఊడివచ్చును. పలకకోతలో రంపము గొట్టముల కొసలకు ఎదురుగ నడచును. పై అంచు ప్రతి గొట్టమును తానే తెంపవలెను. అందుచేత పెచ్చులకు బదులు పిండివంటి పొట్టు రాలును, యంత్రము మూల్గును. దీనికొరకు పన్ను పై అంచును వేరుగ అరగదీయుదురు. మామూలు గొలుసులో ఆ కోణము 30 డిగ్రీలు. పలకకోత గొలుసులో సుమారు 10 డిగ్రీలు. కోత నెమ్మదించును గాని పలక నునుపుగ వచ్చును.

పడగొట్టుటకు బద్ద మాను వ్యాసమంత పొడవుండనక్కరలేదు. అనుభవశాలి రెండు ప్రక్కలనుండి కోసి, 50 సెంటీమీటర్ల బద్దతో మీటరు మానునైనను పడవేయగలడు. 50 సి.సి. యంత్రమునకు 40 సెంటీమీటర్ల బద్ద, 70 సి.సి. యంత్రమునకు 50 నుండి 60 సెంటీమీటర్ల బద్ద తగియుండును. పలకకోతలో అట్టి వెసులుబాటు లేదు. బద్ద దుంగను దాటి అవతలకు రావలెను. పలక మందమును నియమించు చట్రము బద్ద పొడవులో 10, 15 సెంటీమీటర్లు మ్రింగివేయును. 75 సెంటీమీటర్ల దుంగకు 90 సెంటీమీటర్ల బద్ద వలయును. దానిని గట్టికలపలో లాగుటకు 90 సి.సి. యంత్రము కనీసమని తలంపవలెను. 50 సి.సి. యంత్రమిచ్చునది సుమారు మూడు అశ్వశక్తులు, 90 సి.సి. ది ఏడు, స్టీల్ ఎం.ఎస్. 881 అను 121 సి.సి. యంత్రముది ఎనిమిదిన్నర పైగ.

చిన్న యంత్రముతో నెమ్మదిగ కోసికొనరాదా యని అడుగవచ్చును. పడగొట్టునపుడు యంత్రము కొన్ని నిమిషములు పనిచేసి విశ్రమించును. పలకకోతలో పది, పదిహేను నిమిషములు ఏకధాటిగ పూర్తి భారముతో నడచును. రెండు స్ట్రోకుల యంత్రమునకు చమురును చల్లదనమును ఇచ్చునది పెట్రోలు మిశ్రమమే. అది ఏమాత్రము పలుచబడినను పిస్టను వేడెక్కి సిలిండరునకు పట్టుకొనును. చౌకగ కొన్న రంపము ఒక్క దుంగతో పాడగుట ఇందువలననే.

పెద్ద రంపమునకును లోటులు కలవు. గొలుసు ప్రతి కోతకు సుమారు 8 మిల్లీమీటర్ల కలపను పొట్టు చేయును. 25 మిల్లీమీటర్ల పలకలు తీసినచో నూటికి 24 పాళ్ళు పొట్టైపోవును. కోతమిల్లులోని బ్యాండు రంపము 2 మిల్లీమీటర్లే తినును. నష్టము నూటికి 7 పాళ్ళు. ఒకడు దుంగపైన, ఒకడు గుంటలో నిలిచి కోయు మన పాత కోతరంపమును కలప విషయమున పొదుపరియే. ఖర్చగునది మనిషి వెన్నెముక. కాబట్టి లారీ చేరగల చోట ఖరీదైన టేకును, ఏగిసను గొలుసుతో పలకలు కోయుట తెలివితక్కువ. దుంగను కదల్చుటకు వీలులేని చోటనే ఆ పని సాజు.

ఇక దేహము మాట. 1960 ప్రాంతమున జపాను అడవులలోని కార్మికుల వ్రేళ్ళు చలిలో తెల్లబడి స్పర్శ కోల్పోవుచున్నట్లు వైద్యులు గమనించిరి. యంత్రపు అదురే దానికి హేతువు. తరువాత పిడులకు రబ్బరు, స్ప్రింగులు అమర్చిరి. 1970 దశాబ్దమున గొలుసును తటాలున ఆపు బ్రేకు వచ్చినది. బద్ద కొన పైభాగము దేనికైన తగిలినచో రంపము రెప్పపాటులో కోయువాని ముఖముపైకి ఎగురును. అవసరమునకు మించిన పొడవు గల బద్దకు ఆ కొన ఎక్కడ తగులుచున్నదో మనిషికి కానరాదు. గట్టికలప పొట్టు ముక్కు లోపలి క్యాన్సరునకు కారణమగునని కూడ రుజువైనది. పెద్ద రంపము కొనువాడు ముక్కునకు తగిన మాస్కును, చెవులకు మూతలను ఆ ఖర్చులోనే లెక్కవేసికొనవలెను.