షాబ్లీ ద్రాక్షసీమ

1950 ప్రాంతమున అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఎక్కడెక్కడివో తెల్లని ద్రాక్షాసవములు షాబ్లీ అను పేరుతో అమ్ముడుపోవుచుండెను. ఆ పేరు పుట్టిన ఊరిలో మాత్రము ద్రాక్షతోటలు 500 హెక్టారులకు, అనగా మన లెక్కకు సుమారు 1235 ఎకరములకు దిగిపోయియుండెను. మద్యమును పొగడుట మా ఉద్దేశము కాదు. ఒక నేలను వదలని సేద్యగాండ్ర కథగా దీనిని శ్రోతలకు వినిపింపదలచితిమి.

షాబ్లీ ఫ్రాన్సు దేశమున, బర్గండీ సీమకు ఉత్తరపు కొసను, సెరెన్ అను చిన్న యేటి ఒడ్డున నున్నది. పారిసునకు ఆగ్నేయముగా సుమారు 180 కిలోమీటర్ల దూరము. అచ్చటి కొండవాలుల సున్నపుమట్టిని చేతబట్టి చూచినచో కామా గుర్తువలె వంగిన చిన్నచిన్న ఆల్చిప్పలు కనిపించును. పదిహేను కోట్ల యేండ్ల క్రిందట అది సముద్రగర్భము. ఆ నేలపై పండు షార్డొనే ద్రాక్షనుండి తీయు ఆసవమున తీపి యుండదు. పులుపు పదునుగా నుండును. ఆ పదును ఆల్చిప్పల మహిమ యనుట ఇంపైన మాటయే గాని, చలిసీమలో పండు పులుపు చావక నిలుచుటయే ముఖ్యకారణమని మాకు తోచుచున్నది.

క్రీ. శ. 867లో, బట్టతల చార్లెసు అని పేరుపడిన రాజు, వైకింగుల దాడికి వెరచి పారిపోయి వచ్చిన తూర్ పట్టణపు సన్యాసులకు షాబ్లీలోని మఠము నిచ్చెను. 1114లో సమీపముననే పోంటిన్యీ మఠము వెలసెను. ఆ మఠవాసులు తోటలు పెంచిరి. పీపాలు ఒసేర్ రేవు చేరి, యోన్ నదిమీద పడవలలో పారిసునకు పోవుచుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో యోన్ మండల మంతట కలిపి ద్రాక్ష సుమారు 40,000 హెక్టారులలో నుండెను.

ఆ భాగ్యమును మొదట దెబ్బతీసినది రైలు. దక్షిణాది చవుక సరకు నేరుగా రాజధానికి చేరెను. 1880 తరువాతి యేండ్లలో వేరుపురుగు వచ్చిపడెను. పురుగు అమెరికానుండి వచ్చినదే. దాని విరుగుడును అమెరికా తీగల వేళ్లకే అంటుకట్టుట! పిమ్మట ప్రపంచయుద్ధము పనిచేయు చేతులను కొనిపోయెను.

వీనికన్న మొండి శత్రువు మంచు. ఏప్రిలు, మే నెలలలో లేతచిగురు తొడిగిన వేళ ఒక్కరాత్రి చలికి పంట పోవును. 1957లో దాదాపు అంతయు పోయెను. రైతులు సాళ్లమధ్య నూనెపొయ్యిలు వెలిగించి రాత్రులు జాగారము చేసిరి. తరువాత మరియొక ఉపాయము వచ్చినది: చిగుళ్లపై నీటిని చిమ్మి, దానిని గడ్డకట్టనిచ్చుట. నీరు గడ్డకట్టునప్పుడు వేడిని విడుచును గనుక మంచు తొడుగులోని చిగురు చావదు. కాని తెల్లవారి మంచు కరగువరకు నీరు ఆగరాదు. నడుమ ఆగినచో మొదటికే మోసము.

పేరునకు కట్టడి మెల్లగా వచ్చినది. ఫ్రాన్సున 1938లోనే హద్దులు నిర్ణయింపబడినవి. ఆస్ట్రేలియా 1994 ఒప్పందమున ఆ పేరు విడుచుట కంగీకరించినది. అమెరికా 2006లో కొత్తవారిని నిషేధించి, పాతవారిని మాత్రము వాడుకొననిచ్చినది. అర్ధన్యాయ మందుమా?

నేడు షాబ్లీ తోటలు 5,000 హెక్టారులకు మించినవి. మంచు మాత్రము మానలేదు. 2021 ఏప్రిలులో ఆ కొండవాలుల మీద మరల రాత్రులంతా దీపములు వెలిగినవి.